ట్యూబ్‌లైటు వెనుక చోకు

తెలుగువారి మాటల్లో ‘ట్యూబ్‌లైటు’ అంటే దీపం మాత్రమే కాదు, విషయం ఆలస్యంగా బోధపడే మనిషి కూడా. స్విచ్చి వేసిన తరువాత రెండు మూడు సార్లు మిణుకుమని, కాసేపు తటపటాయించి, అప్పుడు గాని పూర్తిగా వెలగని గొట్టాన్ని చూసి పుట్టిన పోలిక అది. పోలిక బాగానే ఉన్నది గాని, నింద పడవలసిన చోట పడలేదు. ఆ తటపటాయింపు గొట్టానిది కాదు. ఫిట్టింగు పక్కన బొటనవేలంత ఉండే స్టార్టరుది, రేకు డబ్బా లోపల ఎవరికీ కనిపించకుండా కూర్చున్న చోకుది. వెలుగు గొట్టం పేర చెల్లిపోయింది. ఆ వెలుగును అదుపులో ఉంచిన చోకును అది మాడి వాసన వచ్చిన రోజున తప్ప ఎవరూ తలచుకోలేదు.

ఇప్పుడు గొట్టం, చోకు రెండూ ఇళ్ల నుంచి వెళ్లిపోతున్నాయి. వాటి స్థానంలో ఎల్‌ఈడీ పట్టీలు వస్తున్నాయి. వెళ్లిపోయేవి ఎక్కడికి వెళ్తున్నాయి, ఎవరి చేతుల మీదుగా వెళ్తున్నాయి అన్నది తెలియాలంటే అవి ఏమిటో, ఎలా వచ్చాయో ముందు తెలియాలి.

గండి, తూము

గొట్టంలో గాలి ఉండదు. కొద్దిపాటి ఆర్గాన్ వాయువు, ఆవగింజకన్నా చిన్న బొట్టు పాదరసం ఉంటాయి. రెండు కొసల్లో టంగ్‌స్టన్ తీగచుట్టలు, వాటిపై వేడెక్కితే ఎలక్ట్రాన్లను సులువుగా విడిచే ఆక్సైడుల పూత. లోపలి గాజు గోడకు తెల్లపొడి. స్విచ్చి వేయగానే విద్యుత్తు నాలుగడుగుల గొట్టాన్ని ఒక్క దూకున దాటలేదు. అందుచేత చోకు, ఒక కొస తీగచుట్ట, స్టార్టరు, రెండవ కొస తీగచుట్ట అనే చుట్టుదారిన పోతుంది. స్టార్టరు లోపలి చిన్న గాజు బుడ్డిలో రెండు లోహాలను అతికించి చేసిన పలుచని రేకు ఉంటుంది. బుడ్డిలోని వాయువు మినుకుమన్న వేడికి ఆ రేకు వంగి ఎదుటి కొసను తాకుతుంది, దారి కలుస్తుంది, గొట్టం కొసలు ఎర్రబడతాయి. తాకగానే బుడ్డిలో మినుకు ఆగిపోతుంది, రేకు చల్లారి వెనక్కి వస్తుంది, దారి తెగుతుంది. అలా తెగిన క్షణంలో చోకు తనలో దాచుకున్న అయస్కాంత శక్తినంతా కొన్ని వందల వోల్టుల తాపుగా విసురుతుంది. ఆ తాపుకే గొట్టం వెలుగుతుంది.

మరి రెండు మూడు సార్లు మిణకడం ఎందుకు? ఇంటి విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగిసలాడుతుంది. రేకు విడిపోయిన క్షణానికి ప్రవాహం ఉచ్చస్థితిలో ఉంటే తాపు బలంగా ఉంటుంది; సున్నా దగ్గర ఉంటే తాపు చాలదు, స్టార్టరు మళ్లీ మొదటికి వస్తుంది. అంతా అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం. ఒకసారి వెలిగిన తరువాత స్టార్టరుకు పని లేదు. దానిని తిప్పి ఊడదీసినా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకే స్టార్టరుతో రెండు గదుల దీపాలు వెలిగించుకొన్న ఇళ్లకు ఈ సంగతి తెలుసు.

చోకు మాత్రం ఊడదీయడానికి వీలు లేనిది. దీనికి కారణం గొట్టం స్వభావంలోనే ఉన్నది. మామూలు తీగలో ప్రవాహం పెరిగితే వేడి పెరిగి, నిరోధం కూడా పెరిగి, అది తనను తాను కొంత అదుపు చేసుకొంటుంది. వాయువు అలా కాదు. చెరువు కట్టకు పడిన గండి వంటిది. నీరు పారిన కొద్దీ గండి వెడల్పవుతుంది, వెడల్పయిన కొద్దీ మరింత నీరు పారుతుంది. గొట్టంలోనూ ప్రవాహం పెరిగిన కొద్దీ విద్యుత్తును మోసే కణాలు పెరుగుతాయి, దారి మరింత సులువవుతుంది. అడ్డు లేకుండా నేరుగా కలిపితే రెప్పపాటులో ప్రవాహం హద్దు మీరి గొట్టమో, ఫ్యూజో పోతుంది. చోకు ఆ గండికి కట్టిన తూము. ఇనుప రేకుల దొంతర చుట్టూ చుట్టిన రాగి తీగ. అంతకు మించి అందులో ఏమీ లేదు. ప్రవాహం పెరగబోయినప్పుడల్లా ఎదురు నిలవడం తీగచుట్టకు సహజ గుణం. అదే పని మామూలు నిరోధంతో చేయిస్తే సగానికి పైగా విద్యుత్తు వేడిగా వృథా అయ్యేది. తీగచుట్ట తీసుకున్న శక్తిలో చాలా భాగాన్ని తిరిగి ఇచ్చివేస్తుంది. ‘చాలా భాగం’ అన్న మాట గమనించవలసినది. మిగిలిన ఆ కొంచెం సంగతి తరువాత వస్తుంది.

ఎనభై ఏళ్ల ప్రయత్నం

కొన్ని పదార్థాలు కంటికి కనబడని కిరణాలను పీల్చి కనబడే వెలుగును విడుస్తాయని 1852లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ వివరించాడు. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా ఆ గుణానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగు పాఠ్యపుస్తకాలలో అదే ప్రతిదీప్తి. అదే దశాబ్దంలో జర్మనీలోని బాన్ నగరంలో గాజు ఊదే నిపుణుడు హైన్రిక్ గైస్లర్ గాలిని తోడివేసిన గొట్టాలలో విద్యుత్తును పంపి రంగురంగుల వెలుగులు పుట్టించాడు. ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకెరెల్ అటువంటి గొట్టాలలోనే ప్రతిదీప్తి పదార్థాలను ఉంచి చూశాడు. అంటే ట్యూబ్‌లైటుకు కావలసిన భావనలన్నీ, ఎడిసన్ బల్బు కంటే ముందే, ప్రయోగశాలల బల్లల మీద సిద్ధంగా ఉన్నాయి. అయినా అంగడికి రావడానికి 1938 దాకా పట్టింది.

ఆ మధ్యకాలంలో ఒక దారుణం జరిగింది. 1896 ప్రాంతంలో ఎడిసన్ ఎక్స్ కిరణాలతో కాల్షియం టంగ్‌స్టేట్ పొడిని వెలిగించే దీపానికి ప్రయత్నించాడు. ఆ పనిలో చేతులు పెట్టినవాడు ఆయన సహాయకుడు క్లారెన్స్ డాలీ. ఎక్స్ కిరణాల హాని ఎవరికీ సరిగా తెలియని రోజులవి. డాలీ చేతులు పుండ్లు పడ్డాయి, ఒకదాని తరువాత ఒకటి తీసివేయవలసి వచ్చింది, 1904లో ఆయన మరణించాడు. ఎడిసన్ ఆ దీపాన్ని, ఎక్స్ కిరణాల పనిని విడిచిపెట్టాడు. వెలుగు చూసినవారు ఒకరు, దాని ధర చెల్లించినవారు మరొకరు కావడం ఈ చరిత్రలో ఇది మొదటిసారి, చివరిసారి కాదు.

అమెరికాలో డానియెల్ మెక్‌ఫార్లన్ మూర్ నైట్రోజన్, కార్బన్ డయాక్సైడు వాయువులతో వెలిగే పొడవైన గొట్టాలను దుకాణాలలో అక్కడికక్కడే అతికించి కట్టేవాడు. పీటర్ కూపర్ హ్యూయిట్ 1901లో పాదరసపు ఆవిరి దీపానికి పేటెంటు పొందాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువ వెలుగు ఇచ్చేది గనుక కార్ఖానాలలోకి, ఫొటో స్టూడియోలలోకి చేరింది. కాని దాని వెలుగులో ఎరుపు లేదు. ఆకుపచ్చ, నీలం కలిసిన ఆ కాంతిలో మనుషుల ముఖాలు శవాల వలె కనిపించేవి. ఇళ్లవారు దానిని రానివ్వలేదు. అయితే దాని ఫిట్టింగులో ఒక తీగచుట్ట ఉండేది. గండికి తూము కట్టకుండా పాదరసపు దీపం నిలవదని ఆనాటికే తెలిసిపోయింది.

పాదరసపు ఆవిరి తక్కువ ఒత్తిడిలో వెలిగినప్పుడు విడిచే వెలుగులో ఎక్కువ భాగం కంటికి కనబడదు. అది 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. దానిని తెల్లపొడితో పట్టి కనబడే వెలుగుగా మార్చడమే మిగిలిన పని. 1926లో జర్మనీలో ఎడ్మండ్ గెర్మెర్, ఫ్రెడ్రిక్ మేయర్, హాన్స్ స్పానర్ ఆ దిశగా పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1934లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి గ్రహీత ఆర్థర్ కాంప్టన్, ఇంగ్లాండులో జరుగుతున్న ప్రయోగాల గురించి అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి తెలియజేశాడు. ఆ కంపెనీకి ఓహయోలో నీలా పార్కు అనే చోట ప్రయోగశాల ఉండేది. అక్కడ జార్జ్ ఇన్‌మన్ నాయకత్వాన ఒక చిన్న బృందం కొన్ని నెలలలోనే పనిచేసే దీపాన్ని తయారుచేసింది. 1938లో అమ్మకాలు మొదలయ్యాయి. 1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం దానిని కళ్లారా చూశారు. వెంటనే యుద్ధం వచ్చింది. రాత్రింబవళ్లు నడిచే ఆయుధ కర్మాగారాలకు నీడలు పడని, వేడి పుట్టని, ఖర్చు తక్కువయిన వెలుగు కావలసి వచ్చింది. ట్యూబ్‌లైటును ఇంటి దీపం చేసింది శాంతికాలమే అయినా, దానిని లక్షల సంఖ్యలో తయారుచేయడం నేర్పింది యుద్ధమే.

రెండు దేశాలు, రెండు చోకులు

భారతదేశంలోని చోకు, అమెరికాలోని చోకు ఒకటి కావు. ఈ తేడాకు మూలం గోడలోని ప్లగ్గులో ఉన్నది. నాలుగడుగుల 40 వాట్ల గొట్టం వెలుగుతూ ఉండడానికే సుమారు 100 వోల్టులు కావాలి. అమెరికా ఇళ్లలో వచ్చేది 120 వోల్టులు. అందులో 100 గొట్టానికే పోతే చోకు పని చేయడానికి ఎడం మిగలదు. అందుచేత వారు వోల్టేజిని ముందు పెంచి, తరువాత అదుపు చేసే బరువైన ట్రాన్స్‌ఫార్మరును చోకుగా వాడవలసి వచ్చింది. ఎలాగూ అంత ఖర్చు పెట్టాము గదా అని స్టార్టరును కూడా తీసివేసే పద్ధతులు కనిపెట్టారు. 1944లో తక్షణం వెలిగేది, 1952లో కొసలను నిరంతరం వెచ్చగా ఉంచి త్వరగా వెలిగేది వచ్చాయి. ఆ బరువు పెట్టెల లోపల కెపాసిటర్లలో పీసీబీ అనే నూనె పోసేవారు. అది నేలలో, నీటిలో ఏళ్ల తరబడి చావని విషమని తేలాక 1979లో అమెరికా దాని తయారీని నిషేధించింది.

230 వోల్టుల దేశాలకు ఆ బెడద లేదు. ఒక తీగచుట్ట, ఒక స్టార్టరు చాలు. చౌక, సులువు, ఏ వీధి చివరి ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా విడిగా దొరుకుతాయి. చోకు పోతే చోకు, స్టార్టరు పోతే స్టార్టరు మార్చుకోవచ్చు. తెలుగు నాట ట్యూబ్‌లైటు మందబుద్ధికి పేరయింది గాని, అమెరికాలో పుట్టి ఉంటే ఆ సామెతకు అంత బలం ఉండేది కాదు.

అయితే వోల్టేజి 230 ఉన్నంత వరకే ఆ సులువు. పొద్దుపోయాక లోవోల్టేజి వచ్చే ఊళ్లలో స్టార్టరు టక్కుటక్కుమంటూ కొసలు మాత్రం ఎర్రగా వెలిగి దీపం అందుకోని దృశ్యం ఆ ఊళ్లు విడిచి నగరాలకు వచ్చినవారికి గుర్తే ఉంటుంది. ప్రతి తడబాటులోనూ కొసల మీది పూత కొంత రాలుతుంది. గొట్టం చివరలు నల్లబడడం ఆ రాలిన పూత గుర్తే. ఒక దీపం ఎన్ని గంటలు వెలిగింది అన్నదానితో పాటు ఎన్నిసార్లు వెలిగించారు అన్నది కూడా దాని ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తుంది.

తెల్లపొడి

మొదటి ట్యూబ్‌లైట్ల పొడిలో బెరీలియం ఉండేది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సేలం పట్టణపు దీపాల కర్మాగారంలో పనిచేసేవారికి, వారిలో పలువురు యువతులు, ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం మొదలయ్యాయి. పని మానేసిన తరువాత కూడా జబ్బు వచ్చేది, కొందరు మరణించారు. హారియెట్ హార్డీ అనే వైద్యురాలు 1946లో ఆ ఊపిరితిత్తుల జబ్బుకు బెరీలియమే కారణమని సాక్ష్యాలతో ప్రకటించింది. 1949లో అమెరికా తయారీదారులు దానిని మానుకొన్నారు. వారికి మానుకొనే వీలు కలగడానికి కారణం కూడా చెప్పవలసి ఉన్నది. 1942లోనే ఇంగ్లాండులో మెకీగ్, రాన్బీ అనే ఇద్దరు కాల్షియం హాలోఫాస్ఫేటు అనే మరో పొడిని కనుగొన్నారు. ఎముకలలో ఉండే ఖనిజానికి దగ్గరి చుట్టం వంటి పదార్థమది. చవకైనది, బెరీలియం అక్కరలేనిది. ఆ తరువాత దశాబ్దాల పాటు బడులలో, ఆసుపత్రులలో, రైల్వే స్టేషన్లలో వెలిగిన తెల్లని గొట్టాలలో చాలా వాటిలో ఉన్నది అదే.

1970లలో డచ్చి పరిశోధకులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు విడివిడిగా ఇచ్చే మూడు పొడుల మిశ్రమాన్ని తెచ్చారు. చీర రంగు పగటి వెలుగులో ఒకటిగా, ట్యూబ్‌లైటు కింద మరొకటిగా కనిపించే ఇబ్బంది చాలావరకు తగ్గింది. బట్టల దుకాణాలవారు దీనిని త్వరగా గుర్తించారు.

ఆగినట్టు కనిపించే చక్రం

ఇనుప చోకుతో వెలిగే గొట్టం నిజానికి నిలకడగా వెలగదు. సెకనుకు 50 ఊపుల విద్యుత్తులో ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది, అన్నిసార్లూ వెలుగు మందగిస్తుంది. కంటికి అది తెలియదు. చుట్టూ తిరిగే యంత్రం దగ్గర మాత్రం తెలుస్తుంది.

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, భివండీలో మరమగ్గాల షెడ్లు తెలుగు నేత కుటుంబాల చెమటతో పెరిగినవి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా సాంచాలు నడుపుతున్నారు. అటువంటి షెడ్డులో ఒక మోటారుకు నాలుగు ఆకుల చక్రం ఉన్నదనుకొందాము. అది నిమిషానికి 1,500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిరిగితే, ఒక వెలుగుకూ మరో వెలుగుకూ మధ్య సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. ఒక ఆకు ఉన్న చోటికి మరో ఆకు వచ్చి నిలుస్తుంది. చూసేవారికి చక్రం ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. అసలు మోటార్లు భారం మీద 1,440 చుట్ల దగ్గర తిరుగుతాయి. అప్పుడు అదే చక్రం సెకనుకు ఒక చుట్టు చొప్పున తాపీగా వెనక్కి తిరుగుతున్నట్టు తోస్తుంది. శబ్దాల హోరులో మోటారు ఆగిందో లేదో చెవికి తెలియదు. కన్ను మోసపోతే తెగిన పోగు అందుకోబోయిన చేయి ఎక్కడ పడుతుందో చెప్పలేము.

దీనికి నివారణలు కర్మాగారాల ఇంజనీర్లకు మొదటి నుంచీ తెలుసు. పక్కపక్క దీపాలను మూడు ఫేజుల మీద వేరువేరుగా కలపడం ఒకటి. జంట గొట్టాలలో ఒకదాని చోకుకు వరుసగా కెపాసిటరు చేర్చి, ఒకటి మందగించే వేళకు మరొకటి వెలిగేటట్టు చేయడం రెండవది. తిరిగే యంత్రం పక్కన ఒక మామూలు ఫిలమెంటు బల్బు వేలాడదీయడం అన్నిటికన్నా సులువైనది. మూడింటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. అద్దెకు తీసుకున్న షెడ్డులో ఒకే ఫేజు మీద వరుసగా ట్యూబులు బిగించినప్పుడు మాత్రం ఈ మాట చెప్పేవారు ఉండరు.

చోకు తినే కరెంటు

‘చాలా భాగం తిరిగి ఇచ్చివేస్తుంది’ అన్న చోట ఆగిన లెక్క ఇది. 40 వాట్ల గొట్టం అని రాసి ఉన్నంత మాత్రాన ఫిట్టింగు 40 వాట్లే వాడదు. సాధారణ ఇనుప చోకు తానుగా 10 నుంచి 15 వాట్ల వరకు వేడిగా పోగొడుతుంది. గంటసేపు వెలిగిన ఫిట్టింగు మీద చేయి వేస్తే తెలిసే వేడి అదే. సన్నగా వినిపించే గుయ్యిమనే రొద ఇనుప రేకుల కంపనం. చోకు నష్టం 12 వాట్లనుకొంటే, రోజుకు పది గంటల చొప్పున నెలకు 3.6 యూనిట్లు ఒక్క చోకే తింటుంది. పది దీపాల షెడ్డుకు 36 యూనిట్లు. వెలుగు ఇవ్వని భాగానికి చెల్లించే బిల్లు ఇది.

ఈ నష్టాన్ని తగ్గించడానికి రెండు వైపుల నుంచి ప్రయత్నం జరిగింది. గొట్టం సన్నబడింది. గొట్టాల లావును అంగుళంలో ఎనిమిదో వంతులతో కొలుస్తారు. టి12 అంటే అంగుళంన్నర, అంటే 38 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన టి8 గొట్టం 26 మిల్లీమీటర్లు. 36 వాట్ల టి8 గొట్టం పాత చోకు, పాత స్టార్టరుతోనే వెలుగుతుంది గనుక జనం మార్పును గమనించనైనా లేదు. పాత 40 వాట్ల గొట్టం ఇచ్చే వెలుగు సుమారు 2,450 ల్యూమెన్లు. మూడు పొడుల మిశ్రమం పూసిన 36 వాట్ల సన్నగొట్టం 3,250 దాకా ఇస్తుంది. 16 మిల్లీమీటర్ల టి5 ఇంకా సన్నం, కాని దానికి ఎలక్ట్రానిక్ చోకు తప్పనిసరి.

ఆ ఎలక్ట్రానిక్ చోకు రెండవ ప్రయత్నం. అది 50 ఊపులను సెకనుకు 20,000 కన్నా ఎక్కువ ఊపులుగా మారుస్తుంది. అంత వేగంలో వాయువుకు చల్లబడే వ్యవధి దొరకదు. అదే విద్యుత్తుకు సుమారు పదోవంతు ఎక్కువ వెలుగు వస్తుంది. మిణుకు లేదు, రొద లేదు, స్టార్టరు లేదు, చక్రం ఆగినట్టు కనిపించే మోసం లేదు. లోవోల్టేజిలోనూ వెలుగుతుంది, ఊళ్లలో దానికి ఆదరణ దొరికింది ప్రధానంగా ఇందుకే, కరెంటు ఆదాకు కాదు. లోపం కూడా ఉన్నది. ఇనుప చోకు ముప్పై ఏళ్లు మన్నేది. చవకరకపు ఎలక్ట్రానిక్ చోకు ఒక్క ఉరుముల రాత్రికి పోయేది. 2006లో కేంద్ర ప్రభుత్వపు విద్యుత్ పొదుపు సంస్థ నక్షత్ర ముద్రల పథకాన్ని ప్రారంభించినప్పుడు మొదట తీసుకున్న వస్తువులలో ఫ్రిజ్‌తో పాటు ట్యూబ్‌లైటు కూడా ఉన్నది. నక్షత్రాలు గొట్టానికి వచ్చాయి గాని, పాత ఫిట్టింగులోని ఇనుప చోకు చాలా ఇళ్లలో అలాగే ఉండిపోయింది.

2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైన తరువాత ఎల్‌ఈడీ ధర సామాన్యునికి అందింది. 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ పాత గొట్టం పని చేస్తున్నది. ఇక్కడ చోకు కథ ముగిసిందనుకోవడం పొరపాటు. ఎల్‌ఈడీ కూడా ప్రవాహాన్ని తాను అదుపు చేసుకోలేదు. దాని పట్టీలో డ్రైవరు అనే చిన్న సర్క్యూటు కూర్చుని అదే తూము పని చేస్తున్నది. ఎల్‌ఈడీ పోయిందని పారవేసేవాటిలో చాలా వాటిలో పోయినది డ్రైవరే. పాత ఫిట్టింగులోనే ఎల్‌ఈడీ గొట్టం బిగించేవారు ఒక జాగ్రత్త పాటించాలి. కొన్ని రకాలకు చోకు, స్టార్టరు తీసివేసి వైరింగు మార్చాలి. మరికొన్నిటికి స్టార్టరు స్థానంలో వారు ఇచ్చిన బిళ్ల పెట్టాలి. పెట్టె మీది బొమ్మ చూసి, మెయిన్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించడం మంచిది. వైరింగు మార్చిన ఫిట్టింగులో తరువాత ఎవరూ పాత గొట్టం పెట్టకుండా దాని మీద ఒక చీటీ అతికించాలి.

పాత గొట్టం ఎవరి చేతికి

పాదరసం లేకుండా ఈ గొట్టం వెలగదు. పాత లావు గొట్టాలలో పదుల మిల్లీగ్రాములు ఉండేది. కొత్త సన్నగొట్టాలలో మూడు నుంచి అయిదు మిల్లీగ్రాములకు తగ్గింది. జపానులోని మినమాటా పట్టణంలో కర్మాగారం నుంచి సముద్రంలో కలిసిన పాదరసం చేపల ద్వారా జాలరి కుటుంబాల నరాలను దెబ్బతీసింది; ఆ జబ్బును 1956లో గుర్తించారు. ఆ ఊరి పేరనే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 2018లో దానిని ధ్రువీకరించింది. సాధారణ వెలుగు కోసం వాడే ట్యూబ్‌లైట్ల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ఆపివేయాలని 2023లో సభ్యదేశాలు నిర్ణయించాయి. అంటే రానున్న కొద్ది సంవత్సరాలలో ఈ దేశపు ఇళ్లలో, షెడ్లలో, బడులలో మిగిలిన గొట్టాలన్నీ చెత్తగా బయటికి వస్తాయి.

ఇంట్లో ఒక గొట్టం పగిలితే భయపడవలసినది లేదు. కిటికీలు తెరిచి, పంకా, ఏసీ ఆపి, పిల్లలను తీసుకొని పావుగంట గది బయట ఉండాలి. చీపురుతో ఊడ్వరాదు, వ్యాక్యూమ్ పెట్టరాదు. రెండూ పాదరసాన్ని గాలిలోకి లేపుతాయి. గట్టి అట్టముక్కతో పెంకులను కూడదీసి, మిగిలిన పొడిని తడి కాగితంతో తుడిచి, అన్నిటినీ మూత ఉన్న సీసాలోనో, గట్టి సంచిలోనో వేసి కట్టాలి. చేతులతో తాకరాదు, కాల్చరాదు, తూములో పోయరాదు.

అసలు ప్రమాదం ఒక్క గొట్టానిది కాదు, రోజూ పదుల గొట్టాలను తాకే మనిషిది. చెత్తకుండీ పక్కన గోడకు ఆనించిన గొట్టం లారీలో నలిగేటప్పుడు ఆ ఆవిరి, పెంకులు ఎదుర్కొనేది పారిశుద్ధ్య కార్మికులు. కొసల అల్యూమినియం మూతల కోసం గొట్టాలను నేలకు కొట్టి పగలగొట్టే పాత సామాన్లవారిదీ అదే స్థితి. బెంగళూరులోను, చెన్నైలోను, ఒడిశా నగరాలలోను పారిశుద్ధ్య పనిలో తెలుగు మాతృభాషగా గలవారు తరాలుగా పెద్ద సంఖ్యలో ఉన్నారు. మేడమీద గొట్టం పారవేసే చేయి, కింద దానిని ఎత్తే చేయి ఒకే భాషవారివి కావడం ఈ నగరాలలో అరుదైన విషయం కాదు.

2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు ట్యూబ్‌లైట్లను, సీఎఫ్‌ఎల్ బల్బులను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా పేర్కొన్నాయి. వాటిని తడి చెత్తలోనూ, పొడి చెత్తలోనూ కలపరాదు. విడిగా సేకరణ కేంద్రంలో ఇవ్వాలి. అటువంటి కేంద్రాలు ఏర్పాటు చేయడం నగరపాలక సంస్థల బాధ్యత. తన వార్డుకు కేంద్రం ఎక్కడ ఉన్నదని వార్డు కార్యాలయంలో అడగడం నివాసి హక్కు. ఇనుప చోకులో పాదరసం లేదు, రాగి ఉన్నది. దానిని పాత ఇనుము కొనేవారికి అమ్ముకోవచ్చు. గొట్టాన్ని మాత్రం అలా ఇవ్వరాదు. కొత్త గొట్టమో, ఎల్‌ఈడీ పట్టీయో వచ్చిన పొడవాటి అట్టపెట్టెను పారవేయకుండా ఉంచి, దించిన పాత గొట్టాన్ని అందులోనే పెట్టి, రెండు కొసలు టేపుతో మూసి, ‘ట్యూబ్‌లైటు, పగలగొట్టవద్దు’ అని తెలుగులోను, స్థానిక భాషలోను రాసి, సేకరణ కేంద్రానికి తీసుకువెళ్లే రోజు వరకు అటక మీద అడ్డంగా ఉంచాలి.